ఒంగోలు ప్రార్థన కొండ మీద అమ్మ మొక్కుబడి

వర్షాకాలం చివర్లో మావాడికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి ఐసీయూలో పెట్టిన రోజుల్లో అమ్మ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, మాకెవరికీ చెప్పకుండా, మొక్కుబడి చేసుకుంది. బిడ్డ బతికి ఇంటికొస్తే కొత్త సంవత్సరం నాడు తెల్లవారుజామున ఒంగోలు ప్రార్థన కొండెక్కి స్తోత్రం చెల్లిస్తానని. వాడిప్పుడు బడికి పోతున్నాడు, అన్నం దగ్గర మారాం చేస్తున్నాడు. దేవునికి స్తోత్రం! జనవరి 1న అమ్మా నేనూ కొండెక్కి వచ్చాం. ఆ సంతోషం మనసులో వేడిగా ఉండగానే రాస్తున్నాను.

బాప్టిస్టు ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ కొండ కథ కొత్త కాదు. 1854 జనవరి 1, ఇంకా తెల్లవారలేదు. నెల్లూరు నుంచి వచ్చిన ఐదుగురు ఈ కొండెక్కి, ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని దేవుణ్ణి అడిగారు. దానికి ముందు ఏడాదే అమెరికాలో బాప్టిస్టు మిషన్ పెద్దలు కూర్చుని, ఇన్నేళ్లయినా ఫలితం కనపడని ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని మాట్లాడుకున్నారు. మూసేద్దామా అన్న పనికోసం వీళ్లు కొండెక్కి ఇంకో మనిషిని పంపమని అడిగారు. నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరించేది అక్కడే.

సండే స్కూల్లో మాకు ‘జ్యూయెట్ దొరగారు కొండెక్కి ప్రార్థన చేశారు’ అని నేర్పారు. తప్పు కాదు. కానీ ఆ ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య యూఫీమియా, తెలుగువాళ్లు నరసు, జూలియా, రూతు. ముందు కీర్తన పాడారు. యెషయా 52వ అధ్యాయం చదివారు. ఒకరి తర్వాత ఒకరు ఐదుగురూ ప్రార్థన చేశారు. పైకి నోరు విప్పి. 1854లో ఒక తెలుగు ఆడమనిషి మగవాళ్ల పక్కన నిలబడి తన నోటితో తాను ఊరికోసం దేవుణ్ణి అడగడమంటే చిన్న సంగతా? జూబిలీలకు వేసే ఫ్లెక్సీల్లో దొరల ఫొటోలే ఉంటాయి. జూలియా పేరు, రూతు పేరు చిన్న అక్షరాల్లోనైనా వేయరు. ఇది నాకు ఎప్పటినుంచో బాధ.

అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ‘నీ బదులు నేనెక్కుతాలే, నువ్వు కింద కూర్చుని ప్రార్థన చేసుకో’ అన్నాను. ‘మొక్కింది నేనే, ఎక్కేదీ నేనే’ అంది. చీకట్లో బయల్దేరాం. ఎత్తైన కొండేమీ కాదు. ఊరు పెరిగి చుట్టూ ఇళ్లు కూడా వచ్చేశాయి. కానీ మోకాళ్లు నొప్పులున్న మనిషికి అదే పెద్ద కొండ. పది అడుగులు వేయడం, ఆగడం, నా భుజం మీద బరువంతా వేసి ఊపిరి పీల్చుకోవడం. మధ్యలో జనం. తోసుకుంటూ పైకి పోయే కుర్రాళ్లు, సెల్‌ఫోన్ లైట్లు మన కళ్లలోకి కొట్టేవాళ్లు. పైన మైకు టెస్టింగ్ ‘హలో హలో’ అని ఆగకుండా. మొక్కుబడి తీర్చుకోవడానికి వచ్చిన ముసలావిడకు దారివ్వాలన్న ధ్యాస ఎవరికీ లేదు. నాకు కోపం, టెన్షన్ రెండూ ఎక్కువైపోయాయి. అమ్మ మాత్రం పెదాలు కదుపుతూనే ఉంది.

సగం దూరంలో అమ్మ కూలబడిపోయింది. ఇక అడుగు పడలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో ఒక ఆవిడ మా పక్కన గొంతుక్కూర్చుంది. ‘వందనాలమ్మా, ఏ కాలు?’ అని అడిగింది, నర్సు అడిగినట్టు. చేతిసంచిలోంచి అమృతాంజనం తీసి, చీర కాస్త పైకి జరిపి, అమ్మ మోకాలికి రాసింది. వేగం లేదు, బొటనవేలితో చిప్ప చుట్టూ గుండ్రంగా, ఆగి ఆగి. తర్వాత మెత్తబడ్డ పాత నేతచీర ముక్క ఒకటి తీసి రెండు చుట్లు బిగించి, ముడి మోకాలికి గుచ్చుకోకుండా పక్కకు వేసింది. ‘పెద్దమ్మా, కుడిచెయ్యి నాకియ్యి. ఎడమచెయ్యి బిడ్డ పట్టుకుంటది’ అంది. ఆవిడతో వచ్చిన ఆడవాళ్లు నలుగురైదుగురు మా ముందు వరసగా నిలబడి ‘జరగండయ్యా, పెద్దావిడ వస్తంది’ అని దారి చేశారు. మైకుకు అందని గొంతులు అవి, అయినా జనం జరిగారు. 

పైకి చేరేసరికి తూర్పు తెల్లబడుతోంది. మా ఎదురుగా ఎవరో పాస్టరు అయ్యగారు మైకులో యెషయా వాక్యం చదువుతున్నారు: ‘పాదములు పర్వతములమీద ఎంతో సుందరములై యున్నవి.’ నేను కిందికి చూశాను. అమ్మ పాదాలు ఉబ్బిపోయి, చెప్పు పట్టీలు చర్మంలో దిగి, దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. ఆ వాక్యం నేను ఎన్నిసార్లు విన్నానో. ఆ పాదాలు చూస్తూ వినడం అదే మొదలు.

ఆ ఆవిడ మావాడి పేరడిగింది. అమ్మ చెప్పింది. ఇద్దరూ చేతులు పట్టుకుని ప్రార్థన చేశారు. పెద్ద పెద్ద మాటలేం లేవు. ‘తండ్రీ, బిడ్డను ఇచ్చావు, మళ్లీ ఇచ్చావు’ అని అమ్మ అదే మాట అంటూ ఉంది. ఎండ ముఖం మీద పడింది. దేవుడు అక్కడ ఉన్నాడని నాకు తెలిసింది. అంతకంటే ఎలా చెప్పాలో తెలియదు. ఇంతలో వెనకనుంచి ఒకాయన ‘ఫొటోకి అడ్డం జరగండమ్మా’ అన్నాడు. 

1854లో ఆ రోజు ప్రార్థనయ్యాక జ్యూయెట్ దొర కింద నాగజెముడు పొదలతో నిండిన ఒక మెరకను చూపించి, మన మిషన్ బంగళాకు ఆ చోటు బాగుండదా అని అడిగారట. ఆయన అడిగింది జూలియాను. తర్వాత ఆ స్థలం మిషన్‌కే వచ్చింది. అడిగిన మిషనరీ రావడానికి మాత్రం పన్నెండేళ్లు పట్టింది. 1866లో జాన్ క్లౌ దొర, హారియెట్ దొరసాని ఒంగోలు వచ్చారు. తర్వాత వచ్చిన మిషనరీ ఎమ్మా రౌషెన్‌బుష్ మాదిగపల్లెల్లో పెద్దవాళ్లు చెప్పిన కథలు ఓపికగా విని రాసిపెట్టింది. స్త్రీల హక్కుల గురించి రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద స్విట్జర్లాండులో డాక్టరేటు చేసిన మనిషి ఆమె. అంత చదువు చదివిన మనిషికి మన పెద్దల మాట వినాలనిపించింది చూడండి.

కొండ దిగాక ఆటో మాట్లాడుకుని వెల్లంపల్లి పోయాం, గుండ్లకమ్మ ఏటి దగ్గరికి. దారి గురించి చెప్పడానికేం లేదు, గుంతలు తప్ప. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. కూలికోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని కరువు తీరేదాకా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. వర్షాలు పడి, కూలిడబ్బులు ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది ఈ ఏట్లో మునిగారు. బాప్తిస్మాలిచ్చింది దొరలు కాదు, మన తెలుగు బోధకులే. ఆరుగురు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకున్నారు. అమ్మ కట్టు విప్పకుండానే నీళ్లలో కాళ్లు పెట్టి చాలాసేపు కూర్చుంది. కట్టు తడిసిపోతుందని నేనంటే ‘తడవనీయవే’ అంది.

ఆదివారం మా చర్చిలో అమ్మ సాక్ష్యం చెప్పింది. టైమ్ లేదు, క్లుప్తంగా చెప్పమన్నారు అయ్యగారు. మావాడి జ్వరం గురించి రెండు ముక్కలు చెప్పి, మిగతా టైమంతా జూలియా, రూతుల గురించే చెప్పింది. వెనక వరసలో ఉన్న ఆడవాళ్లు ముందుకు వంగి విన్నారు. శనివారం స్త్రీల సమాజంలో మళ్లీ చెప్పమని పాస్టరమ్మగారు అడిగారు. యూఫీమియా దొరసాని సంగతి నన్ను చెప్పమంటోంది అమ్మ.