ఎలుకలో ‘ప్లీహ లోపం’ వచ్చిందని ఎలా తేల్చాలి: నా అనుభవం

సునాముఖి కషాయం పోస్తే ఏ ఎలుకకైనా విరేచనాలవుతాయి. అంతమాత్రాన దానికి చైనా వైద్యం చెప్పే ప్లీహ-చీ లోపం (జీర్ణశక్తి, ఒంటి సత్తువ తగ్గడం) వచ్చినట్టు కాదు. ఎలుకలో ఆ లోపాన్ని కావాలని తెప్పించి చూసే ఈ మోడల్‌లో అసలు పనంతా ఆ తేడా పట్టుకోవడమే.

ఆకును ఎక్కువసేపు మరిగిస్తే విరేచనం చేయించే సెన్నోసైడ్లు పాడవుతాయి. అందుకే 80 డిగ్రీల నీళ్లలో నానబెట్టి వడకట్టి, మిల్లీలీటరుకు 1 గ్రాము ఆకు లెక్కకు వచ్చేలా సన్నని వేడి మీద చిక్కబరుస్తాం. కిలో బరువుకు 10 మిల్లీలీటర్ల చొప్పున రోజూ గొట్టంతో పొట్టలోకి ఎక్కిస్తాం. మోతాదు ఒకటే అయినా అన్నిటికీ ఒకేలా పనిచేయదు, ఎందుకంటే సెన్నోసైడ్లను మందుగా మార్చేది పెద్దపేగులోని బ్యాక్టీరియా. ఎలుకలు ఒకదాని పెంటికలు ఒకటి తింటాయి కాబట్టి ఒక బోనులోవాటికి ఆ బ్యాక్టీరియా దాదాపు ఒకేలా ఉంటుంది. బోను మొత్తాన్ని ఒకే గ్రూపులో వేస్తే ఆ పోలికే మందు ఫలితంలా కనిపిస్తుంది. బరువు చూసి, ఒక్కో బోనులోవాటిని అన్ని గ్రూపుల్లోకీ పంచాలి.

విరేచనాన్ని కంటి అంచనాకు వదలం. జాలీ కింద ఫిల్టర్ పేపరు పరిచి, తడి మరక వ్యాసం కొలుస్తాం (ఊక ఉంటే తడి పీల్చేస్తుంది). ముడుచుకుని పడుకోవడం, బొచ్చు మెరుపు తగ్గడం వంటివాటికి గ్రూపు తెలియని ఇద్దరు విడివిడిగా మార్కులు వేస్తారు. అయితే తోక కింద మురికి చూడగానే ఎవరికైనా గ్రూపు తెలిసిపోతుంది! మార్కులకు ముందు అన్ని ఎలుకలనూ, మామూలు వాటిని కూడా, తడి దూదితో తుడవాల్సిందే.

చైనాలో రోగుల్లో ఈ లోపానికి డి-జైలోజ్ అనే చక్కెర పేగులో ఎంత ఇంకుతుందో చూస్తారు. ఎలుకల్లోనూ మేం నమ్ముకునేది దాన్నే. జైలోజ్ చిన్నపేగు పైభాగంలో ఇంకుతుంది, సునాముఖి పనిచేసేది పెద్దపేగులో. కషాయం ఆపాక కూడా జైలోజ్ తక్కువగా ఉంటేనే విరేచనం కాక ఇంకేదో ఉందని అనుకోవచ్చు. రాత్రంతా మేత ఆపి, నీళ్లుంచి, పొద్దున 3 శాతం ద్రావణం కిలోకు 10 మిల్లీలీటర్లు ఇచ్చి, సరిగ్గా గంటకు రక్తం తీయాలి. అందుకే ఎలుకకూ ఎలుకకూ మధ్య రెండు మూడు నిమిషాలు వదిలి పోస్తాం. జైలోజ్‌తో రంగునిచ్చే ఫ్లోరోగ్లూసినాల్‌తో 100 డిగ్రీల వద్ద 4 నిమిషాలు, చల్లార్చి 554 నానోమీటర్ల వద్ద రీడింగ్. రంగు నిలవదు, కాబట్టి స్టాండర్డ్స్ (జైలోజ్ ఎంతుందో ముందే తెలిసిన నమూనాలు) అదే విడతలో పెట్టాలి. మూత్రంలో కొలవడం మాత్రం ఇక్కడ దండగ: నీరు కోల్పోయిన ఎలుక పోసేదే కొద్ది, అందులోనూ పెంటికలు కలుస్తాయి.

చివరి పరీక్ష, ఈ లోపానికి చైనా వైద్యం ఇచ్చే సీ జున్‌జీ తాంగ్ కషాయంతో తగ్గుతుందా అని చూడడం. అందులో ఉండేవి: జిన్సెంగ్, తెల్ల అట్రాక్టిలోడిస్, పోరియా, తేనెతో వేయించిన అతిమధురం. మనిషి కిలోకు వాడే మోతాదును దాదాపు 6.2తో హెచ్చిస్తే ఎలుక మోతాదు వస్తుంది. సునాముఖి ఆపితే చాలా ఎలుకలు వాటంతటవే కోలుకుంటాయి. అందుకే నీళ్లు మాత్రమే పోసే ‘సహజ కోలుకోలు’ గ్రూపు తప్పనిసరి. అది లేని పేపరైతే నేను గ్రాఫుల దాకా వెళ్లను. తోకకు బరువు కట్టి ఈదించే పరీక్ష ఉంటే రక్తం తీయడమయ్యాకే పెట్టుకోండి, ఈత ఒత్తిడికి కార్టికోస్టెరోన్ అనే హార్మోన్ పెరిగి మిగతా కొలతలన్నీ కదిలిపోతాయి.