బావ మీటరు, నా చెవులు

పోయిన ఆదివారం హన్మకొండల మా ఇంట్ల రెండు యాంప్లిఫయర్లు పక్కపక్కన పెట్టి ఒగ్గు కథ రికార్డింగు విన్నం. రెండోదాంట్ల డోలు దెబ్బ గుండెకు తాకింది. "ఇదే మంచిగున్నది బావా" అన్న. "ఆగు, ముందు మీటరు పెట్టి చూద్దం" అన్నడు.

1,000 హెర్ట్జ్ టోన్ (ఒకటే తీరు సాగే కూత) పెట్టి, స్పీకర్‌కు వైర్లు తగిలించే టెర్మినళ్ల దగ్గర కొలిస్తే మొదటిది 2.52 వోల్టులు, రెండోది 2.83. అంటే రెండోదాని సౌండు ఒక డెసిబెల్ (సౌండు కొలిచే లెక్క) ఎక్కువ. అంత చిన్న తేడా ఉంటే సౌండు పెరిగిందని అనిపించదు, నాణ్యత పెరిగినట్టు అనిపిస్తది. వాల్యూం సమానం చేసి, ఏది మోగుతున్నదో చెప్పకుండ వినిపించిండు. పదిసార్లల్ల ఆరుసార్లే సరిగ్గ చెప్పిన. అది బొమ్మా బొరుసు వేసినట్టే. ఒప్పుకున్న.

కానీ డోలు దెబ్బ తర్వాత గుమ్మని సాగే మోత సంగతి యాంప్లిఫయర్ స్పెసిఫికేషన్ల కాగితంల ఎక్కడా లేదు. అది నా చెవికే దొరికింది. స్పీకర్లు మూలకు, గోడకు ఆనుకొని ఉన్నయి. రెండడుగులు ముందుకు జరిపితే మోత తగ్గింది. డోలు మీద కర్ర పడ్డ చప్పుడు, వెనక తాళాలు దేనికదే వినబడ్డయి.

"గిదెట్ల పట్టినవ్ రా?" అనుకుంట బావ మళ్లా మొదటికెళ్లి పెట్టమన్నడు.