మాడ్ గేమ్ లోపల ఏముందో పాత ఫోన్‌లో వేసి చూశాను

"అన్‌లిమిటెడ్ కాయిన్స్, యాడ్స్ ఉండవు, అంతా ఫ్రీ పిన్నీ" అంటూ మాడ్ గేమ్, అంటే బయటివాళ్లు కోడ్ మార్చి వదిలిన గేమ్, వేసుకుంటానని మా అక్క కొడుకు కొన్నాళ్లుగా నా ప్రాణం తీస్తున్నాడు. వాడు ఆడేది ఒక పజిల్ గేమ్. లెవెల్ అయిందో లేదో ఒక యాడ్. లైఫ్‌లన్నీ అయిపోతే అరగంట ఆగాలి, ఆగలేకపోతే కొనుక్కోవాలి. వాడి చిరాకులో న్యాయం ఉంది. ‘వద్దు, వైరస్ వస్తుంది’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తే నాకు తెలియకుండా వేసుకుంటాడు, ఆ వయసే అలాంటిది. అందుకని ముందు నేను వేసి చూస్తానన్నాను. కాకపోతే వాడి ఫోన్‌లో కాదు.

మూలన పడున్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ తీసి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాను. సిమ్ వెయ్యలేదు. దీనికోసమే కొత్త గూగుల్ అకౌంట్ ఒకటి తెరిచాను. కాంటాక్టులు, ఫొటోలు, బ్యాంకు యాప్‌లు ఏవీ లేవు. ముందుగా ప్లే స్టోర్ నుంచి అసలు గేమే వేసి కాసేపు ఆడాను, తర్వాత పోల్చుకోవడానికి.

ఇక మాడ్ దించుకోవడం. పేజీ నిండా డౌన్‌లోడ్ అని రాసి ఉన్న బటన్లే, వాటిలో అసలుది అన్నింటికంటే చిన్నది. ఒకటి నొక్కితే ‘మీ ఫోన్‌లో వైరస్ ఉంది’ అని కొత్త ట్యాబ్ తెరుచుకుంది. ఇంకొకటి నొక్కితే నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి అడిగింది. చాలామంది మాడ్ దాకా కూడా వెళ్లకుండా ఇక్కడే ఇరుక్కుంటారని నా అనుమానం.

దించుకున్న ఫైల్‌ని వెంటనే ఫోన్‌లో వెయ్యలేదు, కంప్యూటర్‌లోకి తీసుకున్నాను. ఆండ్రాయిడ్ యాప్ ఏపీకే అనే ఫైల్‌గా వస్తుంది, అది ఒకరకంగా జిప్ ఫైలే. మాడ్ చేసేవాళ్లు దాన్ని విప్పి, కాయిన్ల లెక్క, యాడ్స్ చూపించే కోడ్ మార్చి, మళ్లీ ప్యాక్ చేస్తారు. అలా మార్చిన క్షణమే కంపెనీ పెట్టిన డిజిటల్ సంతకం చెల్లకుండా పోతుంది. సంతకం లేని యాప్‌ని ఆండ్రాయిడ్ ఇన్‌స్టాల్ చెయ్యనివ్వదు కాబట్టి మార్చినవాళ్లు తమ సంతకం పెట్టుకుంటారు. సీలు ఊడదీసి, లోపలి కాగితం మార్చి, వేరే సీలు వేసిన కవరు అన్నమాట.

ఆ కొత్త సీలు ఎవరిదో చూద్దామని ఆండ్రాయిడ్ డెవలపర్ టూల్స్‌తో వచ్చే ఏపీకే సైనర్‌తో రెండు ఫైళ్ల సర్టిఫికెట్లూ పక్కపక్కన పెట్టాను. వాటి వేలిముద్రలు, అంటే ఒక్కో సర్టిఫికెట్‌కి ప్రత్యేకంగా ఉండే గుర్తులు, కలవలేదు, కలవవని తెలిసిందే. నాకు ఒళ్లు జలదరించింది యజమాని పేరు దగ్గర. అక్కడ ఏ మనిషి పేరూ లేదు, ఉత్త ‘ఆండ్రాయిడ్’ అని ఉంది. అది ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్‌తో పాటే అందరికీ దొరికే టెస్ట్ కీ. దాంతో నేనూ సంతకం పెట్టొచ్చు, మీరూ పెట్టొచ్చు. అంటే రేపు ఇంకెవరో ఇదే గేమ్‌కి ‘కొత్త వెర్షన్’ అని ఇంకో ఫైల్ చేసి అదే కీతో సంతకం పెడితే, ఫోన్ దాన్ని మామూలు అప్‌డేట్‌లాగే తీసుకుంటుంది. మాడ్ చేసినవాడు ఎంత మంచివాడైనా సరే, ఈ తలుపు తెరిచే ఉంటుంది.

తర్వాత ఫైల్‌ని వైరస్‌టోటల్‌లో పెట్టాను. 70కి పైగా యాంటీవైరస్ ఇంజిన్లు ఒకేసారి చూసే సర్వీసు అది. రెండు మూడు మాత్రం ఎర్రజెండా ఎగరేశాయి, అదీ ‘రిస్క్‌వేర్’ అని, అంటే వైరస్ కాకపోయినా ప్రమాదం ఉండొచ్చని. కోడ్ మార్చిన యాప్ దేనికైనా ఇలాంటి ముద్ర పడొచ్చు కాబట్టి దాన్నిబట్టి చెడ్డదనలేం. అలాగని మిగతావన్నీ పచ్చగా ఉన్నాయని మంచిదనీ అనలేం, ఎందుకంటే అసలు హాని చేసే ముక్క ఫైల్‌లో ఉండనక్కర్లేదు. 2024లో యాంటీవైరస్ కంపెనీ కాస్పర్‌స్కీ బయటపెట్టిన నెక్రో ట్రోజన్ (మామూలు యాప్‌లో దాక్కుని వచ్చే హానికర ప్రోగ్రామ్) సంగతే చూడండి. మైన్‌క్రాఫ్ట్, స్టంబుల్ గైస్ లాంటి గేముల మాడ్‌లలో అది దొరికింది. కొన్ని యాప్‌లలోనైతే ఇన్‌స్టాల్ అయ్యాక సర్వర్ నుంచి ఒక పీఎన్‌జీ బొమ్మ దించుకుని, ఆ బొమ్మలో దాచిన కోడ్‌ని బయటికి తీసి నడిపింది. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి: అదే నెక్రో ప్లే స్టోర్‌లోని యాప్‌లలోనూ దూరింది. కాకపోతే అక్కడ పట్టుబడ్డాక తీసేసేవాళ్లున్నారు. మాడ్ ఫైల్‌కి అలా అడిగే దిక్కు లేదు.

ఇన్‌స్టాల్ దగ్గర మొదటి దెబ్బ తగిలింది. ఉన్న గేమ్ మీద మాడ్ ఎక్కలేదు, సంతకం వేరు కదా. అసలుది తీసేసి మాడ్ వెయ్యాల్సిందే. తీసేస్తే ఫోన్‌లో సేవ్ అయిన లెవెల్స్ కూడా దాంతో పాటే పోతాయి. నావి పోయాయి, నాకేం బాధ లేదు, కానీ మావాడు వందల లెవెల్స్ దాటి ఉన్నాడు. యాప్‌లని తనిఖీ చేసే గూగుల్ ప్లే ప్రొటెక్ట్ ఒకసారి అడ్డుపడింది, ‘అయినా ఇన్‌స్టాల్ చెయ్యి’ అన్నాను. గూగుల్ లాగిన్ నొక్కితే తిరిగి తిరిగి ఎర్రర్ వచ్చింది. ఇదీ సంతకం గొడవే. డెవలపర్ తన సర్టిఫికెట్ వేలిముద్రని గూగుల్ దగ్గర రిజిస్టర్ చేసుంటాడు, అది కలవని యాప్‌కి లాగిన్ దొరకదు. క్లౌడ్ సేవ్ మీద కూడా ఆశ వదులుకోవాల్సి వచ్చింది.

గేమ్ మాత్రం చక్కగా నడిచింది, దాచడం ఎందుకు. యాడ్స్ లేవు, కాయిన్లు తరగవు, లైఫ్‌ల కోసం ఆగక్కర్లేదు. ఒంటరిగా, నెట్ లేకుండా ఆడే గేమ్‌లో ఇది నిజమైన సుఖం. కంపెనీ వదిలేసి సర్వర్లు మూసేసిన పాత గేమ్‌లని కొందరు ఇలా మార్చి బతికిస్తున్నారు, మెనూలని తమ భాషలోకి తెచ్చుకుంటున్నారు. వాళ్లమీద నాకు గౌరవమే. కానీ కాయిన్లు తరగని పజిల్‌లో నాకు మజా తరిగిపోయింది. ఇరుక్కున్న ప్రతిచోటా బాంబు కొనేస్తుంటే ఇక బుర్ర వాడేదెక్కడ? మావాడికి చూపిస్తే వాడు కూడా కాసేపు టకటకా కొట్టి, "బోర్" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు.

పర్మిషన్ల లిస్టు చూస్తే అమాయకంగానే ఉంది. ఎస్సెమ్మెస్ లేదు, మైక్ లేదు. అయితే ఇంటర్నెట్ వాడుకోవడానికి ఆండ్రాయిడ్‌లో ఏ యాప్ మనల్ని అడగక్కర్లేదు, అది పుట్టుకతోనే వచ్చే హక్కు. అందుకని ఫోన్ ఏ సర్వర్లతో మాట్లాడుతోందో చూడ్డానికి డీఎన్ఎస్ లాగ్ పెట్టాను. గేమ్ మూసేసి, స్క్రీన్ ఆపేసి పక్కన పెట్టినా, అసలు గేమ్ వేసినప్పుడు ఎక్కడా కనబడని పేర్లు లాగ్‌లో పడుతూనే ఉన్నాయి. పేర్లని బట్టి యాడ్ నెట్‌వర్క్‌ల్లా ఉన్నాయి. తెర మీద తీసేసిన యాడ్స్ వెనకాల ఎవరికో ఆదాయం తెస్తున్నాయేమో. ఏం పంపుతోందో నేను విప్పి చూడలేకపోయాను. నాకు ఆ మాత్రం చాలు.

ఆన్‌లైన్ గేమ్ మాడ్ కూడా ఒకటి వేశాను. దాని కథ పొట్టిది. తెర మీద కాయిన్లు తొమ్మిదుల వరసగా కనిపించాయి, ఏదైనా కొనబోతే ‘సరిపడా లేవు’ అంది. లెక్క సర్వర్‌లో ఉంటుంది, ఫోన్‌లో కనిపించేది ఉత్త అంకె. దెబ్బలు తగలని మోడ్ మాత్రం పనిచేసింది, ఎదుటివాళ్లతో నాలుగు మ్యాచ్‌లు ఆడేలోపే అకౌంట్ బ్యాన్ అయింది. అన్యాయం అని నేనైతే అనను, అవతల ఆడేది కూడా మనిషే. చేసేవాళ్లకైతే ఇంకా గట్టి చిక్కులున్నాయి: పోకేమాన్ గోకి మార్పిడి యాప్‌లు చేసినవాళ్లని 2019లో ఆ గేమ్ కంపెనీ నియాంటిక్ కోర్టుకి లాగింది.

మావాడికి ఇవన్నీ చూపించాక బేరం కుదిరింది. అసలు గేమ్‌నే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఆడుతున్నాడు. నెట్ లేకపోతే యాడ్ లోడ్ కాదు. లైఫ్‌ల కోసం అరగంట ఆగడం మాత్రం తప్పట్లేదు, సణుగుతూనే ఉన్నాడు.

పాత ఫోన్ సంగతి. మాడ్‌లు తీసేసి, యాప్‌కి ఫోన్ మీద పెత్తనం ఇచ్చే యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ సెట్టింగుల్లో ఏవైనా మిగిలాయేమో చూశాను. ఏమీ లేవు. కానీ ‘తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్’ దగ్గరికెళ్తే బ్రౌజర్‌కి నేనిచ్చిన అనుమతి ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆండ్రాయిడ్ 8 నుంచి ఈ అనుమతి ఒక్కో యాప్‌కి విడిగా ఇస్తాం, మాడ్ తీసేసినంత మాత్రాన అది పోదు. ఇప్పటికే మాడ్ వేసి తీసేసినవాళ్లు ఒకసారి ఆ సెట్టింగ్ తెరిచి చూసుకోండి. నేను దాన్ని ఆపేసి, ఫోన్‌ని మళ్లీ రీసెట్ కొట్టి, ఆ గూగుల్ అకౌంట్ కూడా డిలీట్ చేశాను.