గుణదల మాతకు రెండు వేళ్ళంత జుట్టు

విజయవాడ గుణదలలో మరియమాత కొండ నుంచి మొన్న రాత్రే తెనాలి వచ్చాం. చెయ్యి ఇంకా ఊరికే తల మీదికి పోతోంది, నున్నగా తగిలినప్పుడల్లా గుండె నిండిపోతోంది. ఈ వేడి చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను.

కిందటి ఏడాది మార్చిలో నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. రిపోర్టు చేతికొచ్చిన సాయంత్రమే మరియమాతకు మొక్కుకున్నాను, అమ్మా, నన్ను బతికిస్తే నీ కొండకొచ్చి తలనీలాలు ఇస్తాను అని. అప్పటికి నాకు నడుము దాటే జడ. రెండో కీమో అయ్యేసరికి అదంతా దిండు మీద, దువ్వెనలో, బాత్‌రూమ్ జాలీలో కుచ్చులు కుచ్చులుగా రాలిపోయింది. మొక్కింది ఇవ్వకముందే పోయింది. అప్పుడు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. మీ తలవెంట్రుకలన్నీ లెక్కపెట్టి ఉన్నాయని మత్తయి సువార్తలో ప్రభువు అన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నదే, లెక్కపెట్టినవాడివి ఎందుకు రాలనిచ్చావు అని గట్టిగానే అడిగాను. మూడు వారాలు జపమాల ముట్టుకోలేదు. ఒకపక్క మా ఆయన కొట్టు మూతపడింది, బంగారం బ్యాంకులో ఉంది, అమ్మ పేరున ఉన్న నలభై సెంట్లు అమ్మేశాం.

ఆగస్టులో ఆపరేషన్. ముందురోజు ఫాదర్ గారు వార్డుకొచ్చి నూనె పూసి ప్రార్థన చేస్తానంటే మా అమ్మ బెదిరిపోయింది, పోయేవాళ్ళకు కదా అది పూసేది అని ఏడుపు. ఆయన నవ్వి, కాదమ్మా, జబ్బుతో ఉన్నవాళ్ళ కోసం ఇది, అని నుదుటి మీద, రెండు అరచేతుల్లో పూశారు. ఆ రాత్రి నేనేమీ అడగలేదు. బాగుచెయ్యి అని కూడా అడగలేదు. అరచేతులు జిడ్డుగా ఉన్నాయి, ఎవరో పక్కన కూర్చున్నట్టే ఉంది, నిద్ర పట్టింది. నెలల తర్వాత పట్టిన మొదటి నిద్ర అది. నాకు దేవుడి ప్రేమ అంటే ఇప్పటికీ ఆ నిద్రే గుర్తొస్తుంది.

కీమో అయిపోయాక జుట్టు మళ్ళీ మొలిచింది, మెత్తగా, ఉంగరాలు తిరిగి, రెండు వేళ్ళంత. ఉన్నది ఇదే కదా, ఇదే ఇస్తానని ఫిబ్రవరి 11కి బయల్దేరాం. ఫ్రాన్స్‌లోని లూర్దులో 1858లో మరియమాత మొదటిసారి కనిపించిన రోజది. 1993 నుంచి మన కతోలిక సభలో ఆ రోజునే ప్రపంచ రోగుల దినంగా కూడా చేస్తున్నారు, అంటే మాలాంటి వాళ్ళ రోజన్నమాట. కానీ ఆ జనంలో రోగులకు దారి ఎక్కడిది! ఆటో ఎక్కడో ఆపేశాడు, అక్కణ్ణుంచి నడకే. ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశారు కాబట్టి నా కుడిచేతికి దెబ్బ తగిలినా, బరువు పడినా నీరు పట్టి వాచే ప్రమాదం ఉంది. మా ఆయన ఆ పక్కనే గోడలా నడిచినా ఎవరో ఒకరు తోస్తూనే ఉన్నారు. కొబ్బరికాయల సంచితో ఒకాయన సరిగ్గా ఆ చెయ్యి మీదే పడ్డాడు, నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. పండగ మూడు రోజులూ ఇంతమంది వస్తారని ఏటా తెలిసిందే, జబ్బుతో వచ్చేవాళ్ళకి ఒక్క వరస విడిగా పెట్టలేరా?

తలనీలాల దగ్గరా అదే తోపులాట. నా వంతు వచ్చింది. గుండు చేసే పెద్దాయన తల చూసి, "ఇంత చిన్న జుట్టేంటమ్మా, ఈమధ్యే తీయించారా?" అన్నాడు.

"లేదన్నా, క్యాన్సర్ మందులకి రాలిపోయింది. మళ్ళీ మొలిచింది ఇదే."

ఆయన ఆగాడు. లేచి వెళ్ళి చేతులు మళ్ళీ కడుక్కొచ్చాడు. కొత్త బ్లేడు కాగితం నాకు చూపించి మరీ విప్పాడు. మగ్గులో నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ అరచేత్తో చంటిపిల్లకు తడిపినట్టు తడిపాడు. వెనకాల త్వరగా కానివ్వండి అని అరుస్తున్నారు, ఆయన తల కూడా ఎత్తలేదు. చిన్న గాటు పడకుండా తీశాడు. అయ్యాక ఆ తడి జుట్టంతా పోగుచేసి నా చేతిలో పెట్టి, "దీన్ని నేను ఆ కుప్పలో వెయ్యలేనమ్మా, మీరే ఇవ్వండి" అన్నాడు. పిడికిలి కూడా నిండలేదు. కాసేపు పట్టుకుని నేనే వేశాను. డబ్బులిస్తే తీసుకోలేదు, కొవ్వొత్తి కొనమన్నాడు.

అమ్మ విగ్రహం ఉన్న గుహ దగ్గర నాకు దొరికింది రెండు క్షణాలు. తెల్లటి వస్త్రం, నీలం నడికట్టు, జోడించిన ఆ చేతులు. దారిపొడవునా అనుకున్న ప్రార్థనలన్నీ మర్చిపోయాను. నోటికొచ్చింది వార్డులో నా పక్క బెడ్డు ఆవిడ పేరు. నాకంటే ఎక్కువ ప్రార్థించేది, చేతిలో జపమాల వదిలేది కాదు, అక్టోబరులో పోయింది. దేవుడు ఆమెను తక్కువ ప్రేమించి నన్ను ఎక్కువ ప్రేమించాడని నేను ఒప్పుకోను. అమ్మకు ఆమె పేరే చెప్పాను. ఈలోపు "జరగండమ్మా, జరగండి" అని వాలంటీర్ పంపించేసింది. బయటికొచ్చి ఇద్దరి పేరునా ఒకే కొవ్వొత్తి వెలిగించాను.

కొండ మీద సిలువ దాకా ఎక్కలేకపోయాను, కాళ్ళు వణికాయి. ఏప్రిల్‌లో మళ్ళీ స్కాన్ ఉంది. టెన్షన్ లేదని అబద్ధం చెప్పను. కానీ ఈసారి ఏ మొక్కూ మొక్కుకోలేదు, ఏమొచ్చినా ప్రభువు దగ్గరే ఉంటాను అని మాత్రం చెప్పి వచ్చాను.