ఆకులు ఏరినంతసేపూ తెలుగే

"ఇది నీకు తెలీదులే అమ్మా, నేను చూపిస్తా" అంది మా ఏడేళ్ల పాప. నిజమే. చెట్లన్నీ రంగు మారి ఆకులు రాల్చే కాలం మా పిల్లలు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నారు, నేను పెళ్లయి ఈ దేశం వచ్చాకే చూశాను. అందుకే ఆకుల క్రాఫ్ట్‌లో తను చెప్పినట్టే వింటాను. నాది ఒక్కటే షరతు: ఆకులు చేతిలో ఉన్నంతసేపూ తెలుగులోనే మాట్లాడాలి.

అచ్చు తీయాలంటే ఈనెలు ఉబ్బెత్తుగా ఉండే వెనకవైపు పైకి రావాలి. దాని మీద పల్చటి కాగితం వేసి, క్రేయాన్‌ని పడుకోబెట్టి మెల్లగా రుద్దాలి. ముందు నడి ఈనె తేలుతుంది, తర్వాత దాని పాయలు, చివరికి అంచున ఉండే పళ్లు. ఎండి గలగలలాడే ఆకు చేతిలోనే ముక్కలైపోతుంది కాబట్టి అప్పుడే రాలినవి ఏరుకోవాలి. దాచుకోవాలంటే తడి తుడిచి, న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, బరువైన పుస్తకాల కింద ఓ వారం ఉంచాలి. మధ్యలో పేపర్లు మారిస్తే మంచిది.

రంగుల సంగతి నేను చెప్పాను. ఆకులో పసుపు రంగు ముందు నుంచే ఉంటుంది, పత్రహరితం తగ్గాక బయటపడుతుంది. మేపుల్ ఆకుల ఎరుపు మాత్రం పగలు ఎండా రాత్రి చలీ ఉండే రోజుల్లో, ఆకులో మిగిలిన చక్కెరతో కొత్తగా తయారవుతుంది.

"అయితే ఎల్లో ఇన్నాళ్లూ లోపలే దాక్కుందా?" అని అడిగింది, తెలుగులోనే! పుస్తకం ముందేసుకుని ఎంత బతిమాలినా రాని మాట, చేతులు పనిలో ఉంటే దానంతటదే వచ్చేస్తుంది. తెలుగు రావడం లేదని టెన్షన్ పడే అమ్మానాన్నలకి నేను చెప్పేది ఇదే, పిల్లలతో కలిసి ఏదైనా పని పెట్టుకోండి.

కానీ మా పెద్దాడు ఈసారి రానన్నాడు. "తెలుగులోనే మాట్లాడాలంటే నేను చెయ్యను." పదకొండేళ్లు వాడికి. ఆకులంటే ప్రాణం, ఇంట్లో అందరికన్నా శుభ్రంగా అచ్చు తీస్తాడు. షరతు తీసేస్తే పరిగెత్తుకొస్తాడని తెలుసు. తీసేస్తే పాప కూడా రేపటికల్లా ఇంగ్లీషులోకి జారిపోతుందనీ తెలుసు. వాడికి ఇష్టమైన పనికి నేనే అడ్డం నిలబడ్డానా? లేక ఇప్పుడు వదిలేస్తే ఆ తెలుగు మళ్లీ దొరకదా? ఆదివారం మళ్లీ ఆకులు ఏరడానికి వెళ్తాం. వాణ్ని పిలుస్తాను. వాడు ఇంగ్లీషులో మొదలుపెడితే ఊరుకోవాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.