ఏటా 76 మైక్రోసెకన్లు

శ్రావణ మాసపు రాత్రుల్లో మబ్బు విడి శ్రవణా నక్షత్రం కనిపించినప్పుడల్లా, అదే గరుడ మండలంలో మన కంటికి అందకుండా తిరుగుతున్న ఒక జంట నాకు గుర్తుకు వస్తుంది. రెండూ న్యూట్రాన్ తారలే. ఒక్కొక్కటి సూర్యుడికి దాదాపు 1.4 రెట్లు బరువుండి కూడా ఒక నగరమంత పరిమాణంలో ఇమిడిపోయింది. ఇవి 7.75 గంటలకు ఒక ప్రదక్షిణ పూర్తిచేస్తాయి. వీటిలో ఒకటి పల్సర్, అంటే 59 మిల్లీసెకన్లకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ మనవైపు ఒక రేడియో స్పందనను పంపే తార.

1974లో రసెల్ హల్స్, జోసెఫ్ టేలర్ ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపుతో దీన్ని కనుగొన్నారు. స్పందనల మధ్య ఎడం కొన్ని గంటలు తగ్గుతూ, మరికొన్ని గంటలు పెరుగుతూ ఉండటాన్ని బట్టి, పల్సర్ మనకు దగ్గరవుతూ దూరమవుతూ ఉందనీ, దానికి కనిపించని తోడు ఒకటి ఉందనీ వారు గ్రహించారు.

ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం ఇలాంటి జంట గురుత్వ తరంగాల రూపంలో, అంటే స్థలమూ కాలమూ కలిసిన అల్లిక అయిన స్థలకాలంలో పుట్టే అలల రూపంలో, శక్తిని కోల్పోవాలి, కక్ష్య కుంచించుకుపోవాలి, ప్రదక్షిణ కాలం ఏటా సుమారు 76 మైక్రోసెకన్లు తగ్గాలి. ఇంత చిన్న మార్పును ఎలా పట్టుకున్నారన్నదే నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ప్రతి ప్రదక్షిణా ముందుదానికంటే రవ్వంత తొందరగా ముగుస్తుంది కనుక ఆ తొందర పోగుపడుతూ వస్తుంది. 30 ఏళ్లు గడిచేసరికి తారలు అతి చేరువగా వచ్చే క్షణం సుమారు 40 సెకన్లు ముందుకు జరిగింది. కొలిచిన విలువ సిద్ధాంతం చెప్పినదానితో 0.2 శాతం లోపు తేడాతో సరిపోయింది. గురుత్వ తరంగాన్ని నేరుగా పట్టగల పరికరమేదీ ఫలించని రోజుల్లోనే రేడియో తరంగం దాని తరఫున సాక్ష్యం చెప్పింది. 1993లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

అయితే ఈ రెండు తరంగాల స్వభావం ఒకటి కాదు. 2003లో వెలుగులోకి వచ్చిన మరో జంటలో, ఒక పల్సర్ రేడియో తరంగం రెండోదాని పక్కగా సాగేటప్పుడు అక్కడి వంగిన స్థలకాలం వల్ల ఆలస్యమవుతుంది. ప్రతి ప్రదక్షిణలోనూ అరనిమిషం పాటు ఆ తోడు తార అయస్కాంతావరణం, అంటే దాని అయస్కాంత శక్తి ఆవరించిన ప్రాంతం, ఆ రేడియో తరంగాన్ని మింగేస్తుంది. గురుత్వ తరంగానికి అలాంటి అడ్డు దాదాపు లేదు.

గరుడ మండలంలోని జంట సుమారు 30 కోట్ల సంవత్సరాలకు ఒకటైపోతుంది. దాని తరంగాలు, గురుత్వ తరంగాలను నేరుగా పట్టే లైగో వంటి పరికరాలకు అందేంత వడిగా కంపించేది ఆ చివరి కొద్ది నిమిషాల్లోనే. అలాంటి ముగింపు ఒకటి 2017 ఆగస్టు 17న మనకు అందింది: దాదాపు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి మొదట గురుత్వ తరంగం, 1.7 సెకన్ల తరువాత గామా కిరణాలు.