వలసల మీద ఏ పరిశోధన పేపర్ చదివినా ముందు ఎవరిని లెక్కపెట్టారో చూడండి

ఒక మనిషి యుద్ధం జరుగుతున్న చోటు వదిలి సరిహద్దు దాటాడు. దాటి ఎనిమిది నెలలైంది. ఆశ్రయం కోరుతూ దరఖాస్తు పెట్టాడు, ఇంకా నిర్ణయం రాలేదు. ఇతన్ని ఏమనాలి?

జనాభా శాస్త్రం ప్రకారం ఇతను ఇంకా దీర్ఘకాలిక వలసదారు కాడు. ఐక్యరాజ్యసమితి 1998లో ఇచ్చిన సిఫార్సుల్లో ఆ మాటకు కనీసం 12 నెలలు అని గడువు పెట్టారు. న్యాయశాస్త్రం వేరే మాట చెబుతుంది: శరణార్థి నిర్వచనంలోని షరతులకు ఇతను సరిపోతే, నిర్ణయం వచ్చినా రాకపోయినా ఇతను ఇప్పటికే శరణార్థి. ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు ఉన్న సంగతిని ప్రకటిస్తుందే గానీ కొత్తగా శరణార్థిని చేయదు. రిజిస్టర్‌లో మాత్రం ఇతను 'ఆశ్రయం కోరే వ్యక్తి'. ఇక కార్మికుల సర్వేలో ఇతను కనిపించకపోవచ్చు. అలాంటి సర్వేలు మామూలు ఇళ్లను ఎంచుకుంటాయి, తాత్కాలిక వసతి కేంద్రాల గడప చాలాసార్లు తొక్కవు.

నాలుగు చోట్లా తప్పు లేదు. కానీ ఈ నాలుగింటి నుంచి వచ్చిన అంకెలను ఒకే పేరాలో పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు గందరగోళం మొదలవుతుంది. శాస్త్రాల మధ్య పెద్ద సిద్ధాంత పోరాటంలా కనిపించే వాటిలో చాలావరకు, విప్పి చూస్తే, ఎవరిని లోపల పెట్టారు, ఎవరిని బయట వదిలారు అన్న దగ్గరే తేలిపోతాయి.

ముందు న్యాయ నిర్వచనం. 1951 శరణార్థుల ఒప్పందంలో ఆ నిర్వచనానికి విడివిడి ముక్కలున్నాయి: మనిషి తన దేశం బయట ఉండాలి, వేధింపు జరుగుతుందన్న భయం ఉండాలి, ఆ భయానికి ఆధారం ఉండాలి, వేధింపుకు కారణం జాతి, మతం, జాతీయత, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అనే ఐదింటిలో ఒకటి కావాలి, సొంత దేశపు రక్షణ అందని స్థితి గానీ ఆ భయం వల్ల దాన్ని కోరలేని స్థితి గానీ ఉండాలి. మొదట్లో ఇది 1951 జనవరి 1కి ముందు జరిగిన సంఘటనలకే పరిమితం. ఆ తేదీ హద్దును 1967 ప్రోటోకాల్ తీసేసింది. ఆఫ్రికా దేశాలు 1969లో చేసుకున్న ఒప్పందం ఇంకా ముందుకు వెళ్లి, బయటి దురాక్రమణ, ఆక్రమణ, ప్రజాజీవనాన్ని తీవ్రంగా దెబ్బతీసే సంఘటనల వల్ల పారిపోయినవారిని కూడా చేర్చుకుంది. కాబట్టి ఒకే యుద్ధం నుంచి వచ్చిన ఇద్దరు రెండు ఖండాల్లో రెండు రకాల పరీక్షలు ఎదుర్కోవచ్చు. 'వాతావరణ శరణార్థి' అన్న మాట పత్రికల్లో ఎంత వాడుకలో ఉన్నా, 1951 ఒప్పందంలో అలాంటి వర్గం లేదు. థీసిస్‌లో ఆ మాట వాడేవాళ్లు దాన్ని ఏ అర్థంలో వాడుతున్నారో మొదటి అధ్యాయంలోనే రాయాలి.

ఇప్పుడు అంకెల సంగతి. 2023 చివరికి ప్రపంచంలో బలవంతంగా నిర్వాసితులైనవారు 11.73 కోట్ల మంది అని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క. ఇది చూసి 'దాదాపు 12 కోట్ల శరణార్థులు' అని రాసేవారిని చాలాసార్లు చూస్తాం. అందులో సుమారు 6.83 కోట్ల మంది సొంత దేశం దాటనివాళ్లు, అంటే అంతర్గత నిర్వాసితులు. పైన చెప్పిన మొదటి షరతు ప్రకారమే వాళ్లు న్యాయపరంగా శరణార్థులు కారు. పాలస్తీనా శరణార్థులు సుమారు 60 లక్షల మంది వేరే సంస్థ కింద, వేరే నిర్వచనంతో నమోదవుతారు. ఆ నిర్వచనంలో 1946 జూన్ 1 నుంచి 1948 మే 15 వరకు మామూలు నివాసం ఎక్కడన్నది ముఖ్యం. తండ్రి వైపు నుంచి వచ్చే సంతానం కూడా లెక్కలో ఉంటుంది. ఇన్ని రకాల వర్గాలను కూడితే కొందరు రెండుసార్లు కూడా పడతారు. అందుకే విడి అంకెల మొత్తం, సంస్థ ప్రకటించిన మొత్తంతో సరిగ్గా కలవదు. కలవలేదని అంకెను సరిదిద్దకండి, పట్టిక కింద ఉన్న వివరణ చదవండి.

నికర వలస, అంటే వచ్చినవాళ్లలోంచి వెళ్లినవాళ్లను తీసేస్తే మిగిలేది, ఆ లెక్కలో ఇంకో చిక్కుంది. రెండు జనగణనల మధ్య వలసను నేరుగా కొలవని చోట ఒక తీసివేత చేస్తారు: రెండో జనాభాలోంచి మొదటి జనాభాను, సహజ పెరుగుదలను తీసేస్తే మిగిలేది వలస. ఊహకు ఒక ప్రాంతం తీసుకుందాం. మొదటి జనాభా 10,00,000. పదేళ్లకు 10,90,000. మధ్యలో జననాలు 1,60,000, మరణాలు 80,000. సహజ పెరుగుదల 80,000 పోగా నికర వలస 10,000. ఇప్పుడు మొదటి జనగణనలో నూటికి ఒకరు లెక్కకు దొరకలేదనుకోండి. అసలు జనాభా సుమారు 10,10,000 అవుతుంది, నికర వలస సున్నాకి వచ్చేస్తుంది. మొదటిది సరిగానే ఉండి రెండోదానిలో నూటికి ఒకరు జారిపోతే, అదే వలస 21,000 అవుతుంది. మొత్తం జనాభాలో ఒక శాతం పొరపాటు వలస అంకెను మాయం చేయగలదు, రెట్టింపు కూడా చేయగలదు. లెక్క సరిగ్గా వచ్చినా అది నికరం మాత్రమే: యాభై వేల మంది వచ్చి నలభై వేల మంది వెళ్లినా అదే పదివేలు.

అర్థశాస్త్రంలో దీనికి దగ్గరి చిక్కు మియామీ వివాదంలో చక్కగా కనబడుతుంది. వలస గురించి చదివేవాళ్లందరూ ఒక్కసారైనా దీన్ని పూర్తిగా తెలుసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

1980లో ఏప్రిల్ నుంచి అక్టోబర్ లోపు క్యూబాలోని మారియెల్ రేవు నుంచి సుమారు 1,25,000 మంది అమెరికా చేరారు. మియామీ శ్రామిక జనాభా ఒక్కసారిగా దాదాపు 7 శాతం పెరిగింది. అర్థశాస్త్రవేత్త డేవిడ్ కార్డ్ 1990లో ఆ నగరాన్ని మరో నాలుగు నగరాలతో పోల్చి, తక్కువ నైపుణ్యం ఉన్న కార్మికుల జీతాల మీదా నిరుద్యోగం మీదా చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదన్నారు. మరో అర్థశాస్త్రవేత్త జార్జ్ బోర్హాస్ 2017లో, కార్డ్ పేపర్ వచ్చిన జర్నల్‌లోనే, హైస్కూల్ పూర్తి చేయని మగవాళ్ల జీతాలు 10 నుంచి 30 శాతం పడ్డాయన్నారు. ఇద్దరూ చూసింది ఒకే నగరాన్ని, ఒకే సంఘటనను.

తేడా ఎక్కడ వచ్చింది? బోర్హాస్ గుంపును బాగా కుదించారు: 25 నుంచి 59 ఏళ్ల వాళ్లు, మగవాళ్లు, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు) కానివారు, హైస్కూల్ పూర్తి చేయనివారు. ఆయన వాదనలో బలముంది. కొత్తగా వచ్చినవారిలో చాలామంది చదువు తక్కువ, కాబట్టి పోటీ ఎవరితో పడతారో వాళ్లనే చూడాలి. కానీ అలా కోస్తూ పోతే ఏడాదికి సర్వేలో మిగిలేది అతి కొద్దిమంది. జొవానీ పెరి, వాసిల్ యాసెనోవ్ గుంపును వెడల్పు చేసి చూస్తే జీతాలు పడిన జాడ పోయింది. తర్వాత మైకేల్ క్లెమెన్స్, జెన్నిఫర్ హంట్ 2019లో ఇంకో సంగతి చూపించారు. సరిగ్గా ఆ ఏళ్లలోనే, ఆ చిన్న గుంపులో నల్లజాతి మగవాళ్ల వాటా సర్వేలో ఒక్కసారిగా పెరిగింది. అప్పటివరకు లెక్కకు అందని వాళ్లను సర్వే బాగా చేర్చుకోవడం మొదలుపెట్టింది. వాళ్ల సగటు జీతం తక్కువ. ఎవరి జీతమూ తగ్గకపోయినా గుంపు కూర్పు మారితే సగటు పడిపోతుంది.

అందుకే 'వలస వల్ల జీతాలు తగ్గాయి' అన్న పట్టిక చూడగానే మూడు అడగాలి: ఒక్కో గడిలో ఎంతమంది ఉన్నారు, గుంపు హద్దులు ముందే నిర్ణయించారా లేక ఫలితం చూశాకా, సర్వే పద్ధతి ఆ కాలంలో మారిందా. 'తగ్గలేదు' అన్న పట్టికను కూడా ఇవే అడగాలి.

మానసిక ఆరోగ్య పరిశోధనలోనూ ఇలాగే రెండు అంకెలు ఢీకొంటాయి. మీనా ఫాజెల్, సహ పరిశోధకులు 2005లో పాశ్చాత్య దేశాల్లో స్థిరపడిన శరణార్థుల్లో సుమారు 9 శాతం పెద్దవాళ్లకు పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత వెంటాడే మానసిక రుగ్మత) ఉందన్నారు. జాకరీ స్టీల్ బృందం 2009లో 30.6 శాతం అంది. మొదటిది ఇంటర్వ్యూ ద్వారా నిర్ధారణ చేసిన అధ్యయనాలనే తీసుకుంది. రెండోది యుద్ధం తాకిన ఇతర జనాలనూ, కాగితం మీద సొంతంగా టిక్ పెట్టే ప్రశ్నావళులనూ కలుపుకుంది. చిన్న శాంపిల్, యాదృచ్ఛికంగా ఎంచని శాంపిల్, సొంతంగా నింపే ప్రశ్నావళి, ఈ మూడూ రేటును పైకి తోస్తాయని ఆ రెండో అధ్యయనమే చూపింది. నిధుల దరఖాస్తుల్లో 30 వాడి, విధాన పత్రాల్లో 9 వాడే అలవాటు ఎవరికైనా ఉంటే మానుకోవాలి. రెండూ రాయండి, ఏది ఎవరి గురించో రాయండి.

ప్రశ్నావళి అనువాదం గురించి ఒక్క మాట. ఒకరు అనువదించాక మూలం చూడని మరొకరు తిరిగి మూలభాషలోకి తేవడం మామూలు పద్ధతి. అది మాటల తప్పులు పట్టుకుంటుంది, అర్థం తప్పులు పట్టదు. 'పీడకలలు వస్తున్నాయా' అన్న ప్రశ్న రెండు భాషల్లోనూ సరిగ్గా కుదరవచ్చు. కానీ చనిపోయినవాళ్లు కలలో కనబడటాన్ని మంచి శకునంగా భావించే చోట ఆ 'అవును' జబ్బు లక్షణం కాదు. పదిమందితో ముందుగా ప్రయత్నించి, జవాబు చెప్పాక 'ఈ ప్రశ్న మీకెలా అర్థమైంది' అని అడిగితే ఇది బయటపడుతుంది.

ఇలాంటి చోట మానవ శాస్త్రం అందించేది వేరే ఏ శాస్త్రమూ అందించలేదు. లీసా మాల్కీ 1980లలో టాంజానియాలో, బురుండి దేశం నుంచి వచ్చిన హుటూ తెగ శరణార్థుల మధ్య పనిచేశారు. బురుండిలో 1972 మారణకాండ తర్వాత ఒకే దేశం నుంచి వచ్చిన జనం, కొందరు మిషామో అనే శిబిరంలో, కొందరు కిగోమా పట్టణంలో. శిబిరంలో శరణార్థి అన్న గుర్తింపు చుట్టూ ఒక ఉమ్మడి చరిత్ర, తిరిగి వెళ్లాలన్న ఆశ గట్టిపడ్డాయి. పట్టణంలో ఉన్నవాళ్లు ఆ మాటకు దూరంగా, పరిస్థితికి తగినట్టు రకరకాల గుర్తింపులతో బతికారు. సర్వేలు ఎక్కువగా శిబిరాల్లోనే జరుగుతాయి, జాబితా దొరుకుతుంది కాబట్టి. ఆ ఫలితాన్ని శరణార్థులందరికీ అంటగడితే కిగోమాలో ఉన్నవాళ్లు మాయమైనట్టే.

జాబితా లేనివాళ్లను ఎలా చేరుకోవాలి? ఒక దారి: కొందరితో మొదలుపెట్టి, ఒక్కొక్కరికీ సాధారణంగా మూడు కూపన్లు ఇచ్చి, తెలిసినవాళ్లను పంపమనడం. ఎవరికి ఎంతమంది తెలుసో అడిగి, ఎక్కువ పరిచయాలు ఉన్నవాళ్ల జవాబులకు లెక్కలో తక్కువ బరువు ఇస్తారు. గొలుసులు చిన్నగా తెగిపోతే, లేదా అందరూ ఒకే ప్రార్థనా స్థలానికి వెళ్లేవాళ్లయితే, ఆ బరువులు లెక్కను కాపాడలేవు. ఇంకో దారి డగ్లస్ మాసీ, హోర్హే డురాండ్ 1982 నుంచి మెక్సికోలో నడిపినది: ఒక్కో ఊళ్లో సాధారణంగా 200 కుటుంబాలు, ఆ ఊరి నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవాళ్లలో మరికొన్ని. ఈ రెండో భాగం ఎందుకంటే ఇంటికి తాళం వేసి అందరూ వెళ్లిపోతే, ఊళ్లో వాళ్ల గురించి చెప్పడానికి ఎవరూ మిగలరు. బయలుదేరిన చోట మాత్రమే సర్వే చేసినవాళ్లందరూ ఈ తప్పులో పడతారు.

ప్రశ్నలు రాసేటప్పుడు 'ఎందుకు వచ్చారు' అని అడిగి ఒక్క టిక్ పెట్టించకండి. యుద్ధం వల్ల పారిపోయి, రెండో దేశంలో రెండేళ్లు పనిచేసి, అక్కడ పని పోయాక మూడో దేశానికి వెళ్లినవాళ్లు ఏ గడిలో టిక్ పెట్టాలి? ప్రయాణంలో ఒక్కో మజిలీకి ఒక్కో వరుస పెట్టండి: చేరిన నెల, ఏడాది, చోటు, చేతిలో ఉన్న పత్రం, డబ్బు ఎక్కడిది, వెళ్దామని నిర్ణయించింది ఎవరు, ఎందుకు కదిలారు. నిర్ణయించింది ఎవరన్న గడి ముఖ్యం. అర్థశాస్త్రవేత్తలు హారిస్, టొడారోల 1970 నమూనాలో నిర్ణయం తీసుకునేది ఒక వ్యక్తి, దొరకబోయే జీతాన్ని ఉద్యోగం దొరికే అవకాశంతో గుణించి చూసుకుంటాడు. 1980లలో వచ్చిన కొత్త ఆలోచనలో నిర్ణయం కుటుంబానిది, ఒకరిని పంపడం పంట పోతే ఆదుకునే బీమా లాంటిది. ఆ గడి ఖాళీగా ఉంటే ఈ రెండింటిలో ఏది సరిపోతుందో మీ డేటా ఎప్పటికీ చెప్పదు.

సమ్మతి సంగతి కూడా ఫారం తయారు చేసేటప్పుడే తేల్చుకోవాలి. పత్రాలు లేని మనిషి చేత సంతకం చేయిస్తే, ఆ పరిశోధనలో అతని పేరు ఉన్న ఒకే ఒక్క కాగితం అదే అవుతుంది. నోటిమాట సమ్మతి తీసుకుని, తేదీ, సాక్షిగా ఉన్న పరిశోధకుల పేరు మాత్రం రాసుకోవడానికి నైతిక కమిటీ అనుమతి ముందే తీసుకోవచ్చు. శిబిరంలో కూర్చుని అడుగుతున్నప్పుడు, ఈ జవాబులకూ రేషన్‌కూ ఆశ్రయం దరఖాస్తుకూ సంబంధం లేదని మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చెప్పాలి. ప్రచురించేటప్పుడు పేరు తీసేసినా సరిపోదు. దేశం, వృత్తి, వయసు, చేరిన నెల, ఈ నాలుగూ కలిస్తే చిన్న సమూహంలో మనిషి ఎవరో తెలిసిపోతుంది. నెలను ఏడాదిగా, వయసును పదేళ్ల వర్గంగా మార్చండి. వృత్తి అరుదైనదైతే పట్టికలోంచే తీసేయండి.